శెనక్కాయ నూనె తాగిన బండి

'మా రోజుల్లో' అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదు. నెత్తిన నాలుగు తెల్ల వెంట్రుకలు వచ్చిన మాట నిజమే గానీ, అవి పులివెందుల ఎండకు వచ్చినవని మా ఇంటావిడకు నచ్చజెప్పి ఉన్నాను. అయినా ఈ సంగతి చెప్పాలంటే 'ఆ రోజుల్లో' అనక తప్పదు, ఎందుకంటే ఆ రోజులు గడిచిన ఊరు ఇప్పుడు లేదు. కొండాపురం దాపున ఉండిన మా ఊరి మీద ఇప్పుడు డ్యాము నీళ్ళు నిలబడి ఉన్నాయి. ఆ రోజుల్లో నేను ప్రొద్దుటూరులో పాలిటెక్నిక్ చదివేవాణ్ణి, అదీ మెకానికల్. మా ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం: వీడికి మిషను అన్నది ఏదైనా బాగుచేయడం వస్తుంది. ఫ్యాను తిరగకపోయినా, గోడ గడియారం ఆగినా, పక్కింటివాళ్ళ మిక్సీ పొగ వదిలినా "మావోడు మెకానికల్ కదా, వచ్చినాక చూస్తాడులే" అని మా నాయన అందరికీ మాట ఇచ్చేసేవాడు. నేను సెలవులకు ఇంటికి రావడం తగ్గించుకున్నది అందుకే. (హాస్టల్లో తిండి బాగుంటుంది కాబట్టి రావడం లేదని ఇంట్లో అనుకున్నారు. హాస్టలు తిండి తిన్నవాళ్ళెవరూ ఆ మాట నమ్మరు.)

నీళ్ళు వస్తాయి, ఊరు ఖాళీ చేయాల అని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. విని విని మాకు అది వాన వార్తలాగా అయిపోయింది. ఆ ఏడు మాత్రం నిజంగానే వచ్చాయి. సామాన్లు, గింజలు, గొడ్లు, చివరికి తలుపులూ కిటికీలూ కూడా ఊడబీక్కొని జనం కొత్త కాలనీకి చేరుకుంటున్నారని తెలుసు. మా ఇంట్లో కూడా సర్దడం అయిపోయిందనే అనుకున్నాను. ఒకరోజు పొద్దున్నే క్లాసులో ఉండగా మా నాయన ఫోను.

"రేయ్, ఉన్నపళంగా బయల్దేరి రా. మీ జేజి కదలనంటాంది."

"నేనొచ్చి ఏం జేయాల నాయనా?"

"బండి స్టార్ట్ జేయాల."

జేజి అంటే మా నాయనకు అమ్మ. బండి అంటే మా జేజినాయన మోటారు సైకిలు. ఆయన చర్చివాళ్ళ మిషను బడిలో అయ్యవారు. ఆదివారమొస్తే చుట్టుపక్కల పల్లెల్లో ప్రార్థనలు చేయించడానికి తిరిగేవాడు కాబట్టి, జమ్మలమడుగులో ఒక డాక్టరు వాడి వదిలేసిన బండిని తెచ్చుకున్నాడు. పెళ్ళి కూడా జమ్మలమడుగు చర్చిలోనే జరిగిందట. అయిపోగానే పెళ్ళికూతుర్ని వెనక కూర్చోబెట్టుకొని నేరుగా ఊళ్ళోకి వచ్చేశాడట. ఎద్దులబండిలో తలొంచుకొని రావలసిన కొత్త కోడలు డుబుడుబుమని పొగలో నుంచి దిగేసరికి మా ముత్తవ్వ గడప దాటి బయటికి రావడానికి భయపడిందని చెబుతారు. జేజినాయన పోయిన తర్వాత ఆ బండి కొట్టంలో ఒక మూల, గడ్డివాములో సగం కూరుకొని, ఏళ్ళ తరబడి అట్లాగే ఉండిపోయింది. నాకు తెలిసి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. (నాకు తెలిసింది ఎంతో కాసేపట్లో మీకే తెలుస్తుంది.)

నేను దిగేసరికి మా వీధిలో మనుషుల చప్పుడు లేదు. తలుపులు లేని ఇళ్ళు వరసగా నోళ్ళు తెరుచుకొని ఉన్నాయి. మా ఇంటి ముందు నాపరాతి అరుగు మీద జేజి తెల్ల చీర కట్టుకొని, ఒళ్ళో బైబిలు సంచి పెట్టుకొని, బస్సు కోసం కూర్చున్నంత నిదానంగా కూర్చొని ఉంది. ఎదురుగా మా నాయన, వి.ఆర్.ఓ. సారు, పక్కింటి కువైట్ మామ నిలబడి ఉన్నారు. (కువైట్ మామ అక్కడ కొన్నేళ్ళు క్రేను నడిపి, ఆ దుడ్లతో ట్రాక్టరు కొనుక్కొని వచ్చినవాడు. వాళ్ళు నమాజుకు పోయేవాళ్ళు, మేము చర్చికి పోయేవాళ్ళం, అయినా మా రెండిళ్ళ మధ్య వరసలు కలిసిపోయి ఆయన మా జేజిని అత్తా అనేవాడు.) ట్రాక్టరు అరుగు పక్కనే ఇంజను ఆపకుండా పెట్టి ఉంది.

"అత్తా, బండిని ట్రాక్టర్లో నేనే జాగర్తగా పడుకోబెడతా. నువ్వు ముందర నా పక్కన కూచో" అంటున్నాడు మామ.

"ట్రాక్టర్లో పోయేది శెనక్కాయ మూటలు, శవాలు. నేను రెండూ గాను" అంది జేజి. "బండి మీద వచ్చినా ఈ ఊరికి. పోయేది గూడా దాని మీదనే పోతా. అది ఊర్కే నిద్రపోతాండాదంతే."

వి.ఆర్.ఓ. సారు మంచి మనిషి. మంచి మనిషి కాబట్టే నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు. "చూడప్పా, వంక నిండిపోయిండాది. మీ చర్చి వీధి కింది కొసలోకి నీళ్ళు వచ్చినాయి, గంట గంటకూ పైకొస్తాండాయి. పొద్దు గుంకే లోపల ఈయమ్మ రాకపోతే ఆడ కానిస్టేబుళ్ళను పిలిపిచ్చి ఎత్తించాల. ఆ పని నా చేతుల మీద జరగడం నాకు ఇష్టం లేదు." మా నాయన అది విని మొహం అటు తిప్పుకున్నాడు. ఊళ్ళో సగం మంది పిల్లలకు అక్షరాలు దిద్దించిన అయ్యవారి భార్య, ఎవరింట్లోనూ గొంతు పెంచి మాట్లాడి ఎరుగని మనిషి, రెక్కలు పట్టి పోలీసులు మోసుకుపోతుంటే జనం కాలనీలో నిలబడి చూస్తారు. ఆ తర్వాత ఆమె ఎన్నేళ్ళు బతికినా ఆ మాటే చెప్పుకుంటారు. ఇప్పుడా పరువంతా నా చేతుల్లో ఉంది. నాకేమో ఇంజను బొమ్మ గీయడం తప్ప ఇంకేమీ రాదు. బొమ్మ మాత్రం చాలా అందంగా గీసేవాణ్ణి. పిస్టన్‌కు నీడలు కూడా వేసేవాణ్ణి.

కొట్టంలో నుంచి బండిని ఈడ్చుకొచ్చాం. దుమ్ము దులిపి, కువైట్ మామ పంపుతో టైర్లలో గాలి కొట్టాం. ఆ రబ్బరు అంత గాలిని ఎట్లా పట్టిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. నేను చొక్కా చేతులు మడిచి, పుస్తకంలో ఉన్న వరస ప్రకారం మొదట స్పార్కు ప్లగ్గు విప్పాను. ప్లగ్గు కొస నుంచి పసుపుపచ్చగా, జిగటగా ఏదో తీగలు సాగింది. వాసన చూశాను. మళ్ళీ చూశాను. ముక్కు అబద్ధం చెబుతోందేమోనని మామకు అందించాను. ఆయన వాసన చూసి, "శెనక్కాయ నూనె" అన్నాడు. నలుగురమూ ఒకేసారి అరుగు వైపు తిరిగాం.

"నేనే పోసినా" అంది జేజి. "శనివారం శనివారం పోస్తాండా. మీ జేజినాయన ఆదివారం ప్రయాణానికి ముందు శనివారమే ఆ ప్లగ్గు ఇప్పి తుడుస్తాండె. నాకు గూడా ఇప్పేది నేర్పిచ్చినాడు. ఆయప్ప పోయినాక నేనే ఇప్పుతాండా. నెత్తికి పెట్టుకునేటప్పుడు చెంచాడు దానికి, చెంచాడు నాకు. కొడవలికి నూనె రాయకపోతే తుప్పు పట్టదా? ఇదీ ఇనుమే కదా."

చదువుకున్నవాడికి చెప్పే అవకాశం వస్తే వదులుకోడు. నేను నిలబడి, ఇంజను ఆయిలు అంటే ఏమిటో, దానికి ఎంత వేడి తట్టుకునే గుణం ఉండాలో, వేరుశనగ నూనె వల్ల ఎట్లాంటి జిడ్డు పేరుకుంటుందో ఆ నీళ్ళు పైకొస్తున్న వీధిలో ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. "శెనక్కాయ నూనె పోసే ఇంజను లోకంలో యాడా లేదు జేజీ. ఇది అయిపోయింది" అని ముగించాను. మా నాయన అరుగు మీద కూలబడ్డాడు. సారు ఫోను బయటికి తీశాడు. జేజి మాత్రం నా మొహంలోకి చూసి, "నూనె బాగలేదని చెప్తాండావా, బండి బాగలేదని చెప్తాండావా?" అని అడిగింది. ఉపన్యాసంలో ఆ భాగం లేదు.

ఆ లోపల కువైట్ మామ ఊరికే ఉండలేక కిక్ రాడ్డు మీద చెయ్యి వేసి నొక్కాడు. అది మెత్తగా కిందికి దిగింది. లోపల ఏదో కదిలింది. ఇంకోసారి నొక్కాడు. ప్లగ్గు బొక్కలో నుంచి నూనె ఎగజిమ్మి నా తెల్ల చొక్కా మీద పడింది. అప్పుడు నాకు వెలిగింది. అన్నేళ్ళు ఎండిపోయి ఉంటే ఆ పిస్టన్ గోడకు పట్టేసి, సమ్మెటతో కొట్టినా కదిలేది కాదు. జేజి చెంచాడు చెంచాడుగా పోసిన నూనె దాన్ని పట్టనివ్వలేదు. ఆమె చేసింది తప్పే. ఏ మెకానిక్కును అడిగినా తప్పే అంటాడు. ఆ తప్పు వల్లనే ఇంజను ఇంకా బతికి ఉంది. "సారూ, ఫోను జేబులో పెట్టుకో. పిస్టన్ ఆడతాంది" అన్నాడు మామ.

బండిని గేర్లో పెట్టి ముందుకీ వెనక్కీ తోసి లోపలి నూనెనంతా కక్కించాం. ప్లగ్గును గరుకు కాగితంతో రుద్ది, అగ్గిపుల్ల మంట మీద కాల్చాను. అది నిప్పురవ్వ పుట్టిస్తుందో లేదో చూడాలంటే ఇంజనుకు ఆనించి పట్టుకోవాలని పుస్తకంలో ఉంది. ఎక్కడ పట్టుకోవాలో కూడా ఉంది గానీ, ఆ పేజీ నేను చదవలేదు. మామ కిక్ కొట్టాడు. నా చెయ్యి భుజం దాకా జివ్వుమని, నేను బండితో పాటు ఈడ్చుకొచ్చిన గడ్డిలో పడ్డాను. మా నాయన కంగారుగా "ఏమైంది రా?" అన్నాడు. "కరెంటు వస్తాంది" అని పడుకునే చెప్పాను.

ఇక పెట్రోలు. సారు తన బండి ట్యాంకు మూత తీసి నా వైపు చూశాడు. పైపు పెట్టి నోటితో పీల్చాను, మొదటి గుక్క నా కడుపులోకే పోయింది. (ఆ రాత్రంతా నాకు దగ్గరగా దీపం తేవద్దని మా నాయన అందరికీ చెప్పాడు.) పాతకాలపు టూ స్ట్రోక్ బండి కాబట్టి పెట్రోల్లో ఆయిలు కలపాలి. దుకాణాలన్నీ కాలనీకి పోయాయి. అటు చూస్తే పొద్దు కొండ మీదికి వాలుతోంది, ఇటు చూస్తే చర్చి మెట్ల మీద నీళ్ళు మెరుస్తున్నాయి. జేజి లేచింది. బైబిలు సంచిలో నుంచి చిన్న నూనె సీసా తీసి, నా చేతిలో పెట్టి, మళ్ళీ పోయి కూర్చుంది. పెట్రోల్లో ఆ నూనె కలిపి మా బండి ట్యాంకులో పోసి, కాసేపటి క్రితం లోకంలో యాడా లేదన్న పనిని నా చేత్తో నేనే చేశాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆ మర్యాదకు వాళ్ళందరికీ నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ప్లగ్గు బొక్కలో రెండు చుక్కల పెట్రోలు వేసి, బిగించి, కిక్ కొట్టాను. బండి ఒక్క దగ్గు దగ్గింది. మా నాయన లేచి నిలబడ్డాడు. మళ్ళీ కొట్టాను, ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ చుక్కలు వేశాను, మళ్ళీ ఒక్క దగ్గు. తర్వాత మామ కొట్టాడు, నాయన కొట్టాడు, ఆఖరికి సారు కూడా చెప్పులు విడిచి వచ్చి కొట్టాడు. ఒకసారి రాడ్డు ఎదురు తన్ని నా మోకాలి చిప్ప కదిలిపోయినంత పనైంది. దగ్గు తప్ప వేరే మాట లేదు. అందరి చొక్కాలూ తడిసి ఒంటికి అంటుకున్నాయి. సారు పక్కకు పోయి ఎవరితోనో "ఆఁ, ఇద్దరు చాలు. ఆడోళ్ళనే పంపు" అనడం నాకు వినిపించింది. జేజికి కూడా వినిపించే ఉంటుంది. ఆమె కొంగు సర్దుకొని, సంచిని గట్టిగా పట్టుకుంది. నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. చెమట తుడుచుకున్నట్టు మొహం తుడుచుకున్నాను.

"తోసి స్టార్ట్ చేద్దాం" అన్నాడు మామ. తోయాలంటే పల్లం కావాలి. మా ఊళ్ళో ఉన్న పల్లం ఒకే ఒకటి, చర్చి వీధి. అది నేరుగా నీళ్ళలోకి పోతోంది. మా నాయన ససేమిరా అన్నాడు. ఆయన అంటుండగానే జేజి అరుగు దిగి వచ్చి, కొంగు నడుముకు చుట్టి, ఒక పక్కకు కాళ్ళు వేసి, అప్పటికే బండెక్కి ఉన్న నా వెనక కూర్చొని, నా భుజం పట్టుకుంది.

"స్టార్ట్ అయినాక ఎక్కుదువు జేజీ."

"అయినాక ఎక్కితే నిలపాల. నిలిపితే మళ్ళీ పంచాయితీ. పోనీ."

మామా నాయనా వెనక నుంచి తోశారు. గాలి మొహానికి తగిలింది, తలుపుల్లేని ఇళ్ళు పక్కలనుంచి జారిపోయాయి, నేను గేరు వేసి క్లచ్ వదిలాను. వెనక చక్రం ఒకసారి బిగుసుకొని కీచుమంది, బండి ఎగిరెగిరి పడింది, ఇంజను మాత్రం పలకలేదు. నీళ్ళు ఎదురుగా వచ్చేస్తున్నాయి. ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. ఆ బ్రేకుకు కూడా జేజి నూనె రాసి ఉంటుందని అప్పుడు అనుమానం వచ్చింది. ముందు చక్రం సగం నీళ్ళలో మునిగాక బండి ఆగింది. జేజి తన పాదాల వైపు చూసుకొని, "నీళ్ళు సల్లగుండాయి" అంది.

ట్రాక్టరుకు తాడు కట్టి మమ్మల్ని మళ్ళీ పైకి లాగారు, జేజి దిగలేదు. ఊరి మొగదల జీపు చప్పుడు వినిపిస్తోంది. కానిస్టేబుళ్ళు వచ్చేసినట్టున్నారు. వెనక కూర్చున్న జేజి నా భుజం మీద మెల్లగా తట్టి, ఇప్పుడే గుర్తొచ్చినట్టు అంది. "రేయ్, మీ జేజినాయన కూచునే ముందర ట్యాంకు కింద ఏందో తిప్పుతాండె. కొళాయి మాదిరి ఉంటాది. నువ్వు తిప్పినావా?"

వంగి చూశాను. పెట్రోలు కుళాయి మూసి ఉంది. ఇంతసేపూ నలుగురు మగవాళ్ళం చెమటలు కక్కుతూ కొట్టిన కిక్కులకు చుక్క పెట్రోలు కూడా ట్యాంకులో నుంచి దిగలేదు. తిప్పాను. మా నాయన నా వైపు చూసిన చూపులో నా చదువుకైన ఖర్చంతా కనిపించింది. సారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని అటు తిరిగాడు గానీ, ఆయన భుజాలు ఊగుతున్నాయి.

రెండోసారి వీధి ఇంకా పొట్టిదై ఉంది, నీళ్ళు ఒక ఇంటి మేర పైకి వచ్చాయి. తోశారు. గేరు వేశాను. చర్చి దగ్గరపడింది. క్లచ్ వదిలాను. పలకలేదు. మళ్ళీ పట్టి, మళ్ళీ వదిలాను. ముందు చక్రం నీళ్ళను చీల్చింది, నా పాంటు మోకాళ్ళ దాకా తడిసింది, ఇంక అయిపోయింది అనుకున్న క్షణాన కాళ్ళ కింద డుబ్బుమంది. ఆగింది. మళ్ళీ డుబ్బు, డుబ్బు, డుబుడుబుడుబుమని వీధంతా మారుమోగిపోయింది. హ్యాండిలు తిప్పి నీళ్ళు చిమ్ముకుంటూ వెనక్కి మళ్ళాను. వెనక నుంచి తెల్లటి పొగ చర్చి గోడంత ఎత్తు లేచింది. ఆ పొగలో నుంచి పెట్రోలు వాసన కాదు, మిరపకాయ బజ్జీల వాసన వచ్చింది. మధ్యాహ్నం నుంచి ఎవరమూ తిండి తినలేదు. కానిస్టేబులమ్మలు జీపు దిగుతూనే "ఈడ ఎవరో బజ్జీలు కాలుస్తాండారే" అన్నారని మామ తర్వాత నవ్వుతూ చెప్పాడు.

ఎత్తు ఎక్కుతూ మా ఇంటి దగ్గరికి వస్తుండగా జేజి నా వీపు మీద తట్టింది. "ఒక్క నిమిషం నిలపరా."

"నిలిపితే ఆరిపోతాది జేజీ."

ఆమె బలవంతం చేయలేదు. నేను క్లచ్ సగం పట్టి, ఎంత నెమ్మదిగా పోనిస్తే అంత నెమ్మదిగా, గోడకు ఎంత దగ్గరగా పోనిస్తే అంత దగ్గరగా పోనిచ్చాను. ఆమె చెయ్యి చాచింది. సున్నం గోడ మీద వేళ్ళు రాసుకుంటూ పోయిన చప్పుడు ఆ ఇంజను మోతలో కూడా నాకు వినిపించింది. ఇల్లు దాటిన తర్వాత అడిగింది. "తలుపేసినారా?"

"తలుపు పొద్దున్నే ట్రాక్టర్లో పోయింది కదా జేజీ."

"అవున్లే, మర్చిపోయినా" అంది. ఆ తర్వాత నా వీపుకు మొహం ఆనించింది. నా చొక్కా వీపు మీద తడిగా తగిలింది. చెమట అనుకున్నాను. అప్పుడు నాకు అట్లాగే అనుకోవాలనిపించింది.

కాలనీలో జనం రెండు పక్కలా నిలబడి చూశారు, చూడవలసిందే చూశారు. మా కొత్త ఇంటి ముందర, నేను ఆర్పకముందే, బండి తనంతట తానే ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది. జేజి దిగి, చీర దులుపుకొని, నా వైపు చూసింది. ఒక మెచ్చుకోలు వస్తుందని ఎదురుచూశాను. "మీ జేజినాయనైతే ఇంతగా కుదపడు" అనేసి లోపలికి పోయింది.

ఆ బండిని తర్వాత ఎవరమూ స్టార్ట్ చేయలేదు. చేయమని ఆమె కూడా అడగలేదు. ఇప్పుడు నేను పులివెందులలో కరెంటు స్కూటర్ల షోరూములో సర్వీసు చూసుకుంటున్నాను. కిక్కూ లేదు, ప్లగ్గూ లేదు, నూనె అసలే లేదు, మీట నొక్కితే పిల్లి నడిచినట్టు పోతాయి. అబద్ధమెందుకు, వాటి బొమ్మలు కూడా బాగానే గీస్తాను. జేజి ఉన్నన్నాళ్ళు శనివారం సాయంత్రం ఫోను చేసి "పోసినావా?" అని అడిగేది. ఏం పోయాలో చెప్పేది కాదు. ఆమె పోయి రెండేళ్ళవుతోంది, అడిగేవాళ్ళు లేరు. బండి మాత్రం నాతో పాటే వచ్చి, ఇక్కడ మా అద్దె ఇంటి మెట్ల కింద ఉంది. శనివారం వస్తే నేను వంటింట్లోకి పోయి నూనె డబ్బా వెతుకుతాను. మా ఇంటావిడ పొయ్యి దగ్గర నుంచే "మెకానికల్ చదివినోళ్ళు చేసే పనేనా అది?" అంటుంది. కాదని నాకూ తెలుసు. చెంచాడు పోసి, ప్లగ్గు బిగించి, కిక్ రాడ్డును చేత్తోనే ఒకసారి మెల్లగా నొక్కి చూస్తాను. లోపల పిస్టన్ ఆడుతుంది. లేచేముందు ట్యాంకు కింద ఆ కుళాయిని కూడా ఒకసారి తడిమి చూసి, నెత్తికి నూనె చెయ్యి తుడుచుకొని లోపలికి వస్తాను.